రెండేళ్ళ బి.కాం. పనికిరాదని నేను చెప్పిన రోజు

2000వ సంవత్సరం మార్చి 14, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, డబ్లిన్‌లో ఒక ఉద్యోగాల ఏజెన్సీ కార్యాలయంలో కూర్చుని, ‘విద్యార్హత’ అన్న గడిలో నేను ‘బి.కాం.’ అని రాశాను. వేళ ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, సంతకం పక్కన తేదీతో పాటు సమయం కూడా వేయమని ఆ దరఖాస్తులో ఉంది. చేతి గడియారం చూసి వేశాను. తేదీ నిజం. సమయం నిజం. సంతకం నిజం. డిగ్రీ మాత్రం నిజం కాదు.

ఆ దరఖాస్తుతో వచ్చిన ఉద్యోగంలోనే ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. డబ్లిన్ శివారు సిటీవెస్ట్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో వేతనాల విభాగం నాది. ఈ పనిలోకి వస్తున్న మన పిల్లలకు అనుభవాలు రాసిపెట్టమని కొందరు అడిగారు. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. తక్కువ ఖర్చుతో అకౌంటింగ్ డిగ్రీ ఎలా పూర్తి చేయవచ్చో రాస్తాను, ఎందుకంటే అది నాకు బాగా తెలుసు. అది తెలిసి ఉండి కూడా ఒకరికి చెప్పకపోవడం వల్ల ఏమి జరిగిందో కూడా రాస్తాను. రెండవది రాయకుండా మొదటిది రాసే అర్హత నాకు లేదు.

శుభలేఖ మీది డిగ్రీ

మా నాన్నగారు చిలకలూరిపేటలో పొగాకు గోడౌన్‌లో కాటా దగ్గర పనిచేసేవారు. మా ఇంట్లో పదో తరగతి దాటినవారు నాకు ముందు ఎవరూ లేరు. నేను బి.కాం. రెండేళ్ళు చదివాను, రెండేళ్ళూ పాసయ్యాను. మూడో ఏడు పరీక్షలకు ముందే 1980లో పెళ్ళి కుదిరింది.

శుభలేఖ అచ్చు వేయించడానికి నాన్నగారితో పాటు నేనూ ప్రెస్సుకు వెళ్ళాను. అచ్చు వేసే ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి అడిగాడు.

“పెళ్ళికొడుకు పక్కన బి.ఇ. అని రాశారు. మరి అమ్మాయి ఏం చదివింది?”

“బీకామండీ,” అన్నారు నాన్నగారు.

“పాసయిందా?”

“పరీక్షలు ఇంకా అవలేదు. రాస్తది.”

“రాసేదానికి, రాసినదానికి తేడా ఎవడికి కావాలండీ? అటు పక్కన డిగ్రీ ఉండి ఇటు పక్క ఖాళీగా ఉంటే మీకే చిన్నతనం. వేసేస్తున్నా.”

వేసేశాడు. పరీక్షల సమయానికి నేను హైదరాబాదులో కాపురంలో ఉన్నాను. ఆ తరువాత మామగారి ఆపరేషన్, ఆ తరువాత పాప పుట్టడం. మూడో ఏడు అలాగే ఉండిపోయింది. నాన్నగారు మాత్రం ఆ శుభలేఖను మడత పెట్టి చాలాకాలం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు. ఎవరు కనబడినా తీసి చూపించేవారు. ఆయనది అబద్ధమని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆయన దృష్టిలో కాలేజీకి వెళ్ళడమే డిగ్రీ.

హైదరాబాదులో ఒక మందుల ఏజెన్సీలో పదిహేనేళ్ళు పద్దులు రాశాను. పని వచ్చు. చేతిలో పట్టా లేదు. మా వారు రమణ పాత పెద్ద కంప్యూటర్ల మీద పనిచేసే ప్రోగ్రామరు. 1999లో ఆయన ఉద్యోగం మమ్మల్ని ఐర్లండ్ తీసుకువచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడ సాఫ్ట్‌వేర్ సంస్థలు వారానికొకటి తెరుస్తున్నట్టుండేది. మనుషులు దొరక్క, దరఖాస్తు ఇచ్చినవాళ్ళను ఇచ్చినట్టే తీసుకునేవారు. ఏజెన్సీకి వెళ్ళే రోజు ఉదయం ఇడ్లీ తింటూ మా వారిని అడిగాను.

“చదువు దగ్గర ఏం రాయమంటారు?”

“బీకామని రాయి. శుభలేఖలోనే ఉందిగా. నాలుగొందల మంది చదివారు, ఒక్కడన్నా అడిగాడా?”

“అది శుభలేఖండీ. ఇది దరఖాస్తు.”

“రెండూ కాయితాలే కదే.”

ఆయన నవ్వుతూ అన్నారు. రాసింది నేను. కనుక ఆ మాటను ఆయన మీదకు నెట్టడం లేదు.

ఈత నేర్చుకోని స్త్రీ

రెండేళ్ళకు సంస్థ పెరిగింది. సిబ్బంది వ్యవహారాల విభాగంవారు పాతవాళ్ళందరి సర్టిఫికెట్ల నకళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని వినిపించింది. నేను చదువుకు తిరిగి వెళ్ళింది జ్ఞానం కోసమని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. భయంతో వెళ్ళాను.

నగరంలోని ఒక కళాశాలలో సాయంత్రాలూ శనివారాలూ నడిచే అకౌంటింగ్ డిగ్రీ ఉండేది. ఇంతకు ముందు వేరేచోట చదివిన విషయాలు సరిపోలితే వాటికి క్రెడిట్లు ఇచ్చి, ఆ పేపర్లు మళ్ళీ చదవనక్కరలేకుండా చేసేవారు. దానిని చూసే ఉద్యోగిని పేరు నువాలా. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. నా 1978, 1979 మార్కుల మెమోలు ఆమె ముందు పెట్టి, “ఇవి చాలా పాతవి” అన్నాను.

“డబుల్ ఎంట్రీ పద్దుల పద్ధతి పుట్టి అయిదు వందల ఏళ్ళు దాటిందమ్మా,” అంది ఆమె. “నీ మెమోలు దానికంటే వయసులో చిన్నవే. సిలబస్ తెచ్చావా?”

ఇది కొత్తవారు గుర్తుంచుకోవలసిన విషయం. మార్కుల మెమో ఒక్కటే చాలదు. ఆ ఏడాది ఆ పేపరులో ఏ అధ్యాయాలు ఉన్నాయో చూపే సిలబస్, కాలేజీ ముద్రతో సహా కావాలి. మా తమ్ముడు మా కాలేజీ చుట్టూ నాలుగుసార్లు తిరిగి ముద్ర వేయించి పంపాడు. ఎందుకని అడిగితే వీసా పనికని చెప్పాను. అప్పటికి అబద్ధాలు చెప్పడంలో నాకు నేర్పు వచ్చేసింది.

నువాలా నా సిలబస్‌ను వాళ్ళ సిలబస్ పక్కన పెట్టి వరసవరసనా వేలు పెట్టి చూసింది. అకౌంటింగ్, గణాంకాలు, ఆర్థికశాస్త్రం సరిపోయాయి. మన వాణిజ్య చట్టం, ఆదాయపు పన్ను సరిపోలేదు. ఆ రెండూ ఏ దేశానికా దేశానివి. ఇంకో మూడు పేపర్లకు, ఉద్యోగంలో ఆ పని రోజూ చేస్తున్నాను కనుక, తరగతులకు రాకుండా పరీక్ష మాత్రం రాయవచ్చంది. వాటికి పరీక్ష రుసుము ఒక్కటే. మూడేళ్ళ చదువులో సగానికి పైగా ఆ గదిలోనే తగ్గిపోయింది.

“ఒక్క మాట,” అంది. “రెండో ఏడు అకౌంటింగ్‌కు నీకు మినహాయింపు వస్తుంది. అయినా ఆ తరగతికి వచ్చి కూర్చో. మూడో ఏడు పేపరు దాని మీదే కట్టి ఉంటుంది.”

నేను వెళ్ళలేదు. మిగుల్చుకోవాలనుకున్నాను. మూడో ఏడు ఆ పేపరు తప్పాను. జవాబుపత్రం చూపించమంటే చూపించారు. ఆస్తి అప్పుల పట్టీని మన పాత పద్ధతిలో ఎడమవైపు అప్పులు, కుడివైపు ఆస్తులుగా వేశాను; అంకెలకు లక్షల ప్రకారం కామాలు పెట్టాను. కూడిక సరిగ్గా ఉంది. దిద్దినవాడు పక్కన ప్రశ్నార్థకం మాత్రం పెట్టాడు. దొరికిన ప్రతి మినహాయింపునూ తీసుకోవద్దని ఆ ప్రశ్నార్థకం నాకు నేర్పింది. తరువాతి పేపరుకు పునాది అయినదాన్ని, క్రెడిట్ వచ్చినా సరే, కూర్చుని చదవండి.

శనివారం ఉదయాలు ఎక్కడికి వెళ్తున్నానో మన తెలుగువాళ్ళకు చెప్పాలి కదా. మా వారు ఒక ఉపాయం చేశారు. ఎవరు ఫోన్ చేసినా, “స్విమ్మింగుకి వెళ్ళిందండీ” అనేవారు. నేను పుస్తకాలు తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కేదాన్ని. ఉద్యోగం చేస్తూ ఏడాదికి ఒకటి రెండు పేపర్లే రాయగలిగాను కనుక అయిదేళ్ళు అలా సాగింది. ఒకసారి డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌ ఊళ్ళో ఉండే స్నేహితులు తమ అపార్ట్‌మెంట్ ఈతకొలను దగ్గర పాప పుట్టినరోజు పెట్టారు. ఆ పాప తల్లి నా చెయ్యి పట్టుకుంది.

“అయిదేళ్ళ నుంచి నేర్చుకుంటున్నారు, ఒక్కసారి దిగండి ఆంటీ! మా పిల్లలకి నాలుగు ముక్కలు నేర్పండి.”

“మోకాలు నొప్పమ్మా.”

“ఈతకి మోకాలి నొప్పేంటి? ఆ నొప్పికి ఈదమనే కదా జీపీ డాక్టరు చెప్తాడు!”

అందరూ నవ్వారు. మా వారు కూడా నవ్వారు. నేను గట్టు మీద చెప్పులు విప్పకుండా కూర్చున్నాను.

2007లో డిగ్రీ పూర్తయింది. పట్టాల ప్రదానానికి వెళ్ళలేదు. వెళ్ళి ఫోటో దిగితే, ఇరవై ఏడేళ్ళ క్రితం అచ్చయిన డిగ్రీ ఇప్పుడెందుకు వచ్చిందో చెప్పాలి. పోస్టులో వచ్చిన పట్టాను బీరువాలో తువ్వాళ్ళ కింద పెట్టాను. మా వంశంలో మొదటి డిగ్రీ అది. నాన్నగారు అప్పటికి ఉన్నారు. ఆయనకు చెప్పలేదు. ఆయన దృష్టిలో నేను ఎప్పుడో పాసయ్యాను. మరుసటి సంవత్సరం సంస్థవారు నకలు అడిగితే ఇచ్చాను. ఆ అమ్మాయి ‘అకౌంటింగ్’ అన్న మాట చూసి ఫైల్లో పెట్టేసింది. సంవత్సరం చూడలేదు.

డెక్లాన్ లెక్క

మా విభాగానికి పై అధికారి డెక్లాన్. పొడవాటి మనిషి, పంపే ముందు ప్రతి పట్టీని చేత్తో పెన్సిలుతో ఒకసారి కూడేవాడు. ఆయన మాటలు ఇంగ్లీషువి; తెలుగులో రాస్తున్నాను.

నేను చేరిన కొత్తలో ఒక ఉద్యోగికి పన్ను రాయితీ వేరొకరిది వేశాను. సోమవారం ఉదయం తొమ్మిదింటికి నాకే కనబడింది. సరిచేసే దారి వెతుకుతూ ఆ రోజంతా గడిపి, మంగళవారం వెళ్ళి చెప్పాను. ఆయన పట్టీ తీసుకుని చూశాడు.

“సరిచేశావా?”

“చేశాను.”

“గ్రాండ్, సరే. తప్పు సంగతి నేను మరిచిపోతాను. నిన్న తొమ్మిది నుంచి ఇవాళ తొమ్మిది దాకా నాకు చెప్పకుండా ఉన్నావు చూడు, అది మరిచిపోను.”

నిజంగానే మరిచిపోలేదు, అలాగని దెప్పనూ లేదు. ఆయన కింద పనిచేయడం అదృష్టమని అప్పుడే అనుకున్నాను. ఆయనతో నా డిగ్రీ సంగతి చెప్పడానికి అది సరైన రోజని కూడా అనుకున్నాను. చెప్పలేదు.

వేతనాల పనిలో చేరేవారికి నా సలహా ఇది. పన్ను నియమాలు మారుతూ ఉంటాయి, సాఫ్ట్‌వేరు మారుతుంది. వాటిని ఎవరైనా నేర్పుతారు. మీ తప్పును కనుక్కున్న గంటలోనే నోరు విప్పి చెప్పడం ఎవరూ నేర్పలేరు. అది లేకపోతే మిగిలినదంతా ఉన్నా మీరు ఈ పనికి తగరు. ఈ తూకంలో నేను తగను.

లావణ్య

2014 వసంతంలో మా విభాగంలో ఒకరు ప్రసూతి సెలవు మీద వెళ్తే, ఆ స్థానంలో నా కింద పనిచేయడానికి లావణ్య వచ్చింది. కరీంనగర్ పిల్ల, ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. భర్త డాక్టరు, వాటర్‌ఫోర్డ్ ఆసుపత్రిలో జూనియర్. ఆమె వారమంతా సిటీవెస్ట్‌లో స్నేహితురాలితో ఒక గది పంచుకుని, శుక్రవారం సాయంత్రం బస్సులో భర్త దగ్గరకు వెళ్ళేది.

ఆమె దరఖాస్తు నేను చూశాను. ‘బి.కాం. రెండు సంవత్సరాలు, పూర్తి చేయలేదు’ అని ఉంది. నేను పద్నాలుగేళ్ళ క్రితం రాసి ఉండవలసిన వాక్యం అదే.

“మూడో ఏడు అమ్మకు బాగలేకుండె ఆంటీ. ఆపేసిన,” అంది ఒకరోజు లువాస్ ట్రామ్ స్టాప్ దగ్గర. “గడి ఖాళీ ఉంచుదామంటే మనసొప్పలే. ఉన్నదున్నట్టు రాసిన. ఉంచుకుంటే ఉంచుకుంటరు, లేకుంటే లేదు.”

“అలా రాస్తే ఉద్యోగం రాకపోవచ్చు కదమ్మా,” అన్నాను.

“మరి అబద్ధం రాస్తే రోజూ ఆఫీసుకు పోవుడెట్ల ఆంటీ? నాకైతే పట్టదు.”

ట్రామ్ వచ్చింది. ఆమె ఎక్కింది. నేను ఫోన్ మరిచిపోయానని చెప్పి వెనక్కి వెళ్ళిపోయాను. ఫోన్ సంచిలోనే ఉంది.

ఆమె పని గురించి ఒక్కటి చెబితే చాలు. గంటల లెక్కన పనిచేసేవారికి సెలవు వేతనం మేము ఏళ్ళ తరబడి తక్కువ కడుతున్నామని, మూడో నెలలో ఆమె కనుక్కుంది. నేను ఆ పట్టీ మీద పదేళ్ళుగా సంతకం పెడుతున్నాను. కనుక్కున్న గంటలో డెక్లాన్‌కు చెప్పింది.

సెలవు మీద వెళ్ళినామె ఇక తిరిగి రానంది కనుక, అక్టోబరులో ఆ స్థానం శాశ్వతమైంది. ఆమెకు అది వస్తే, జూనియర్ డాక్టర్లను మార్చే జనవరి బదిలీల్లో భర్త డబ్లిన్ ఆసుపత్రికి దరఖాస్తు పెట్టుకుంటాడు. ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటారు. ఒక ఫ్లాట్ లీజు కూడా మాట్లాడుకున్నారు. రాకపోతే ఆమె వాటర్‌ఫోర్డ్ వెళ్ళిపోవాలి. ఈ సంగతి నాకు తెలుసు, ఆమే చెప్పింది.

అక్టోబరు 7, మంగళవారం ఉదయం డెక్లాన్ నన్ను తన గదికి పిలిచాడు. తలుపు వేయమన్నాడు.

“లావణ్యను ఉంచుకోవాలి. పైవాళ్ళు ఈ స్థానానికి డిగ్రీ ఉండాలంటున్నారు. డిగ్రీ చదువుతూ ఉన్నా చాలని ఒప్పించాను. ఫీజు మనమే కడతాం. తనకు రెండేళ్ళ చదువుంది కదా. నువ్వు అదే వ్యవస్థ నుంచి వచ్చావు, నీకు తెలుస్తుంది. ఆ రెండేళ్ళు ఇక్కడ లెక్కకు వస్తాయా? ఒకటి రెండేళ్ళలో పూర్తి చేసే దారి ఏదైనా ఉందా?”

నువాలా గది నాకు కళ్ళముందు కనిపించింది. ఏ పేపర్లు సరిపోతాయో, ఏవి సరిపోవో నాకు కంఠతా వచ్చు. ఆమె పద్దెనిమిది నెలల్లో పూర్తి చేస్తుంది. ఆ మాట చెబితే ఆయన తరువాతి ప్రశ్న ఏమిటో కూడా నాకు తెలుసు: ‘నీకెలా తెలుసు?’

“లేదు,” అన్నాను. “మన దగ్గర సగం చదువుకు ఇక్కడ విలువ లేదు. మొదటి నుంచి చదవాలి.”

“ఖాయమేనా?”

“ఖాయమే.”

“ఛ,” అన్నాడు. పెన్సిలు బల్ల మీద పెట్టాడు. “నువ్వు చెప్పావంటే ఇక అంతే.”

అది జరగడానికి నిమిషం కూడా పట్టలేదు. నేను బెదిరిపోయి తడబడి అన్నానని చెప్పుకోవడానికి వీలులేదు. ‘ఖాయమేనా’ అని ఆయన నాకు రెండో అవకాశం ఇచ్చాడు. రెండోసారి కూడా తెలిసే చెప్పాను.

లావణ్యకు చెప్పే పని కూడా నామీదే పడింది; తెలుగులో చెబితే తేలికగా ఉంటుందని ఆయన అనుకున్నాడు. క్యాంటీన్‌లో కూర్చుని చెప్పాను. ఆమె ఏడవలేదు.

“మీరు అడిగిండ్రా ఆంటీ? ఏదన్నా తొవ్వ ఉందేమోనని?”

“అడిగానమ్మా.”

“అయితే సరే. మీరు అడిగిండ్రంటే ఇగ లేనట్టే.”

నాకు టీ ఆమే తెచ్చింది. తాగాను.

వీడ్కోలు సభ

2016 వేసవిలో డెక్లాన్ రిటైరయ్యాడు. క్యాంటీన్‌లో కేక్ కోసి, ఆయనను మాట్లాడమన్నారు. అందరికీ తెలియని ఒక విషయం చెబుతానన్నాడు. తండ్రి జబ్బుపడితే పదిహేడేళ్ళకే బడి మానేశాడట. ఒక గిడ్డంగిలో పనిచేస్తూ, ఏటా ఒక్కొక్క పేపరు రాసి, ఎక్కడెక్కడి ముక్కలకో మినహాయింపులు తెచ్చుకుని, ముప్పై ఆరేళ్ళకు అకౌంటెంటు అర్హత సంపాదించాడట.

“పట్టా వచ్చిన రోజు మా అమ్మ వీధిలో ఇంటింటికీ వెళ్ళి చూపించింది. తలుపు తీయని ఇళ్ళకు రెండోసారి వెళ్ళింది,” అన్నాడు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు.

నా చేతిలో కాగితపు పళ్ళెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. పదహారేళ్ళు ఏ మనిషి దగ్గర దాచానో, ఆ మనిషి కూడా నేను నడిచిన దారినే నడిచాడు. ఇక్కడి పై అధికారులు కూడా మన శుభలేఖల కళ్ళతోనే చూస్తారనుకుని బతికాను. ఆయన ఎక్కడ, ఎలా చదివాడో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

మరునాడు ఆయన గది సర్దుకుంటుంటే వెళ్ళి అంతా చెప్పాను. 2000 నాటి గడి గురించి, శనివారాల గురించి, 2014 అక్టోబరు 7 గురించి. అట్టపెట్టెలో పుస్తకాలు పెట్టడం ఆపి విన్నాడు.

“డిగ్రీ సంగతి చెప్పి ఉంటే నవ్వేసేవాణ్ణి, సుగుణా. మనిద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం. కానీ ఆ రోజు నిన్ను సూటిగా అడిగాను. రెండుసార్లు అడిగాను.”

“అవును.”

“నీ మాట మీద ఒక మనిషిని పంపేశాను. ఇప్పుడు నేను కూడా అందులో ఉన్నాను.” పెట్టె మూత మూశాడు. “నాకు చెప్పి ఏం లాభం? చెప్పవలసింది తనకి.”

వాటర్‌ఫోర్డ్

ఆ నెలలోనే ఒక ఆదివారం వాటర్‌ఫోర్డ్ బస్సెక్కాను. లావణ్య అప్పటికి ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేస్తోంది. తలుపు తీసి సంతోషపడింది. ఆ సంతోషం చూడటమే ఆ రోజంతటిలో కష్టమైంది. ఏడాది నిండని పాప చంకలో ఉంది. స్నేహితురాలి కూతురు, ఆరేళ్ళ పిల్ల, నేల మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది.

“హూ ఈజ్ షీ, లావణ్యా ఆంటీ?” అంది ఆ పిల్ల, అచ్చం ఇక్కడి యాసలో.

“నా పాత ఆఫీసుల పెద్ద మేడం. నమస్తే చెప్పు.”

కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టాను. కూర్చుంటే టీ పెడుతుంది. ఆమె చేతి టీ మరొకసారి తాగి చెప్పలేను. నేను ముగించేదాకా ఆమె పాప వీపు తట్టుతూనే ఉంది.

“మీరు లేదన్ననాడు, ఉన్నదని మీకు తెలుసా?”

“తెలుసు.”

“నా లెక్కనే మీరు గూడ రెండేండ్లు చదివి ఆపిండ్రు?”

“అవును.”

“మరి నన్ను చూస్తే జాలిగూడ రాలేదా ఆంటీ మీకు?”

వచ్చిందని చెప్పాను. వచ్చినా అలా చేశానని చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

“అమ్మకు బాగలేక చదువు పోయింది. అది దేవుని పని అనుకున్న. గిది గూడ గట్లనే అనుకున్న, నా నసీబు అని. రెండేండ్ల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న. మీరేమో బస్సెక్కి వచ్చి చెప్పిండ్రు, మీ బరువు దిగింది. నేనేం జేయాలె ఇప్పుడు?”

ఏ కాగితాలు కావాలో, సిలబస్‌కు ముద్ర ఎలా వేయించాలో, ఏ పేపరుకు మినహాయింపు వచ్చినా తీసుకోకూడదో వరసగా రాసి తెచ్చిన నాలుగు పేజీలు బల్ల మీద పెట్టాను. క్షమించమని అడగలేదు. అడగాలనే వెళ్ళాను, అక్కడికి వెళ్ళాక అది కూడా ఆమె దగ్గర తీసుకోవడమే అనిపించింది.

“ఇగ పోండి ఆంటీ,” అంది. గొంతు పెంచలేదు. “పాప పడుకునే టైమైంది.”

చివరి గడి

2017 ఫిబ్రవరిలో ఒక కళాశాల నుంచి మా విభాగానికి ఉత్తరం వచ్చింది. లావణ్య అక్కడ డిగ్రీకి దరఖాస్తు పెట్టుకుంది. మా దగ్గర చేసిన పనికి కూడా క్రెడిట్ అడుగుతోంది కనుక, ఆమె చేసిన విధులను ధ్రువీకరించమని ఒక ఫారం పంపారు. నింపవలసింది ఆమె పనిని పర్యవేక్షించినవారు. అంటే నేను.

విధులన్నీ రాశాను. సెలవు వేతనం తప్పును ఆమె కనుక్కున్న తీరును, అది నా కంట పదేళ్ళు పడలేదన్న సంగతితో సహా రాశాను. చివరి గడిలో ‘ఉద్యోగం విడిచిపెట్టడానికి కారణం’ అని ఉంది. మామూలుగా అక్కడ ‘ఒప్పంద కాలం ముగిసింది’ అని రాస్తారు. అలా రాస్తే తప్పు కూడా కాదు. ఆరు నెలల ఒప్పందం నిజంగానే ముగిసింది. ఎవరూ అడగరు.

‘ఆమె మునుపటి చదువుకు ఇక్కడ గుర్తింపు రాదని, వస్తుందని తెలిసి కూడా, నేను సంస్థకు చెప్పడం వల్ల శాశ్వత నియామకం జరగలేదు’ అని రాసి, పేరు రాసి, సంతకం పెట్టాను. నకలును సిబ్బంది వ్యవహారాల విభాగానికి నేనే తీసుకువెళ్ళి ఇచ్చాను. 2000 నాటి దరఖాస్తు సంగతి కూడా అక్కడే చెప్పాను.

ఆ తరువాత మారినవి ఇవి. నాకు లిఖితపూర్వకమైన హెచ్చరిక ఇచ్చారు, ఉద్యోగం తీయలేదు. కొత్తవారి ఎంపికలో నాకు పాత్ర లేకుండా చేశారు. రిటైరయ్యేదాకా అలాగే ఉంది, అది న్యాయం. మా విభాగం ఉద్యోగ ప్రకటనల్లో ‘డిగ్రీ’ అన్న మాట పక్కన ‘లేదా చదువుతున్నవారు’ అని చేర్చారు. మా వారు ఇప్పుడు ఎవరు అడిగినా నేను 2007లో పాసయ్యానని చెబుతున్నారు. లావణ్య 2019లో డిగ్రీ పూర్తి చేసి, వాటర్‌ఫోర్డ్‌లోనే ఒక సంస్థ వేతనాల విభాగంలో చేరింది. ఆ సంగతి నాకు డెక్లాన్ చెప్పాడు. ఆమె నాతో మాట్లాడదు.